డెప్యుటేషన్ మీద ఎడమకాలు

పనిలేకుండా పడి ఉన్నవాటిని కనిపెట్టి, వాటికి పని చెప్పడానికని ప్రభుత్వం వారు జిల్లాకొక ఆఫీసు తెరిచారు. దాని పేరు వనరుల సద్వినియోగ శాఖ. నీళ్ళు తోడని బావి, తాళం తియ్యని భవనం, తిరగని పిండిమర, ఇలాంటివి ఎక్కడ ఉన్నాయో వెతికి పైకి రాయడం వారి విధి. జిల్లాలో అలాంటివాటికి కొదవేమీ లేదు. కానీ ప్రతిదానికీ ఎవరో ఒక పెద్దమనిషి పేరుతో శిలాఫలకం ఉండడం వల్ల, దాన్ని పనికిరానిదని రాయడానికి ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు. అంచేత ఆ ఆఫీసు నుంచి పైకి ఒక్క నివేదికైనా వెళ్ళి చాలాకాలమైంది. పైవాళ్ళు గుర్తుచేస్తున్నారు, కిందివాళ్ళు వెతుకుతున్నామని బదులు రాస్తున్నారు. పని అలా సాఫీగా నడుస్తోంది.

ఆ ఆఫీసు జీపుకి డ్రైవరు పొట్నూరి సూరప్పడు. నూనూగు మీసాల వయసులో తాత్కాలికంగా చేరాడు. మీసం నెరిసింది కానీ ఉద్యోగం మాత్రం ఇంకా తాత్కాలికంగానే ఉంది. ఎట్టకేలకు ఈ ఏడు పర్మినెంటు చేసేవాళ్ళలో అతని పేరు పైకి వెళ్ళింది.

"ఒక్క మచ్చ పడకుండా ఏడాది గడిపెయ్యి సూరప్పడూ. ఆ తర్వాత నిన్ను కదిపేవాడు లేడు" అని చెప్పింది సూపరింటెండెంటు మాణిక్యాంబ.

సూరప్పడు మాటల మనిషి కాదు. తలూపి ఊరుకున్నాడు. అతని భార్య బంగారమ్మ ఊరుకోలేదు. వీధి వీధంతా చెప్పేసింది. ఇప్పుడు పర్మినెంటు కాకపోతే ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఆ వీధిలో నడవడం కష్టం.

ఆ ఏడాదే జీపు కదలనని మొరాయించింది. దాన్ని పెరట్లోకి తోసి, బదులుగా ఒక కారు పంపారు. జనం డబ్బు తిని పారిపోయిన చీటీల కంపెనీ యజమాని దగ్గర జప్తు చేసిన కారది. పందెపు కారు. మిరపపండు రంగు, రెండే సీట్లు, నేలకి బల్లిలా అంటుకుని ఉంటుంది. ఇంత ఖరీదైన బండిని ఊరికే ఉంచడం సద్వినియోగ శాఖకే అప్రతిష్ట అని పైవారు తలచారు. ఆ శాఖ జిల్లా అధికారి భుజంగరావు గారు భారీ మనిషి. ఆయన ఆ కారులోకి దిగడం నూతిలోకి దిగినట్టు ఉండేది. పైకి రావడానికి ఇద్దరు చేతులందించాలి.

కారుకి క్లచ్చి లేదు. తెచ్చినవాడు తాళాలిస్తూ "డీ అన్నచోట పెట్టి వదిలెయ్యండి. మిగతాది అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆ మాట సూరప్పడు విన్నాడు, అతని ఎడమకాలు వినలేదు. జీపు క్లచ్చి తొక్కి తొక్కి రాయైన కాలది. మొదటిరోజే పాత బస్టాండు మలుపులో గేదె అడ్డొచ్చింది. అలవాటు కొద్దీ ఎడమకాలు ముందుకెళ్ళి, అక్కడున్నది క్లచ్చి అనుకుని, బలమంతా పెట్టి తొక్కింది. అది బ్రేకు. గేదె క్షేమంగా దాటింది. భుజంగరావు గారి ముక్కు వెళ్ళి డాష్‌బోర్డుకి తగిలింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారాయన ముక్కు పట్టుకుని.

మచ్చ పడితే పర్మినెంటు పోతుంది. సూరప్పడు నోటికొచ్చింది చెప్పేశాడు.

"కాలండి బాబూ. నాను కాదు."

భుజంగరావు గారు ఆ మాటని ముక్కుతోపాటు జాగ్రత్తగా పట్టుకుని ఇంటికి వెళ్ళారు.

మర్నాటినుంచి సూరప్పడు ఎడమకాలిని పీట మీద భోజనానికి కూర్చున్నట్టు మడిచి తొడకింద పెట్టుకున్నాడు. కుడికాలొక్కటే నడుపుతోంది. బండి వెన్నలా సాగుతోంది. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు భుజంగరావు గారి చూపు ఆ మడిచిన కాలి మీద పడింది.

"ఆ కాలు ఏం చేస్తోంది?"

"ఏటీ సెయ్యట్నేదండి."

"ఏమీ చెయ్యడం లేదా?"

"దానికి పన్లేదండి. అన్నీ ఈ బండే సేసుకుంటాది."

రైలు వచ్చింది, వెళ్ళింది. గేటు ఎత్తారు. వెనక లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. భుజంగరావు గారి మొహంలో మాత్రం ఏదో దీపం వెలిగినట్టుంది. "ఆఫీసుకి పోనీ" అన్నారు.

సాయంత్రానికి మెమో తయారైంది. అందులో ఇలా ఉంది: "సదరు వాహనము స్వయంచాలితమైనందున డ్రైవరు యొక్క ఎడమ పాదము పూర్తిగా నిరుపయోగముగా నున్నట్లు క్షేత్రస్థాయి పరిశీలనలో వెల్లడైనది. పాదము వేరు, తాను వేరు అని డ్రైవరు స్వయముగా వాఙ్మూలమిచ్చి యున్నాడు. కావున పాదమును మిగులు వనరుగా ప్రకటించడమైనది."

సాక్ష్యానికి ఫోటో కావాలి. ఆఫీసు ఫోటోగ్రాఫరు దాలినాయుడు వచ్చాడు. సూరప్పడికి వరసకి బామ్మర్ది. ఒకప్పుడు ఎండ చూసి, నీడ చూసి, ఒక కన్ను మూసి, రింగు తిప్పి తీరుబడిగా ఫోటో తీసేవాడు. ఈ మధ్య అతనికీ కొత్త కెమెరా ఇచ్చారు. ఎదుటివాడు నవ్వితే దానంతటదే టిక్కుమంటుంది. ఆ ఆఫీసుకి తెచ్చాక వారం రోజులదాకా అది ఒక్కసారీ టిక్కుమనలేదు. చివరికి, కెమెరా ఎత్తినప్పుడు సిబ్బంది అందరూ నవ్వవలెనని ఆజ్ఞ జారీ చెయ్యాల్సి వచ్చింది.

బల్లమీద కాలు పెట్టించాడు దాలినాయుడు. కాలు నవ్వదు కదా. అందుకని భుజంగరావు గారు ఒక పక్కా మాణిక్యాంబ మరో పక్కా నిలబడి నవ్వారు. టిక్కుమంది.

"బావా, మా అక్క పెళ్ళినాడు కాళ్ళు కడిగినప్పుడు కూడా నీ కాలికింత మర్యాద జరగనేదు. కొంచెం గోళ్ళయినా తీసుకోపోనావా?" అని దాలినాయుడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి కెమెరా మళ్ళీ టిక్కుమంది.

నివేదిక పైకి వెళ్ళింది. రాష్ట్రంలో ఏ జిల్లా నుంచీ రాని రకం నివేదిక. పైనుంచి పొగుడుతూ జాబు వచ్చింది. మిగులు వనరును కనిపెట్టి ఊరుకుంటే చాలదు, అవసరమున్నచోటికి పంపాలని కూడా అందులో ఉంది. రైల్వే గేటు అవతల మహిళా కుట్టు శిక్షణ కేంద్రంలో తొక్కుడు మిషన్లున్నాయి. తొక్కేందుకు కాలొకటి మంజూరు చెయ్యమని వాళ్ళు ఎప్పుడో అడిగి ఉన్నారు. సూరప్పడి ఎడమ పాదాన్ని అక్కడికి డెప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వు వెలువడింది.

"మరి నానండి?" అన్నాడు సూరప్పడు.

"నీకేం సంబంధం? బదిలీ నీకు కాదు, నువ్వు యథాప్రకారం ఇక్కడే విధులు నిర్వర్తిస్తావు" అన్నారు భుజంగరావు గారు.

"కాలు అక్కడికెలగ ఎల్తాదండి?"

"ప్రయాణ ఏర్పాట్లు బదిలీ అయిన ఉద్యోగి సొంతంగా చేసుకోవాలి. అది రూలు."

సూరప్పడు మాణిక్యాంబ వైపు చూశాడు. ఆమె మెల్లిగా "మచ్చ పడనివ్వకు" అంది.

మర్నాడు సూరప్పడు ఎడమకాలిని తీసుకుని కుట్టు కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ వేలిముద్ర యంత్రం ఉంది. కానీ వేళ్ళు వేరే శాఖవి కాబట్టి హాజరుకి పాదముద్ర వెయ్యాలని తేల్చారు. నీలం సిరాలో కాలు ముంచి కాగితం మీద వేశాడు. మధ్యాహ్నానికి చూస్తే కుట్టు నేర్చుకునే ఆడవాళ్ళెవరో ఆ పాదముద్రకి పసుపూ కుంకుమా పెట్టారు. ఒకామె చిల్లర కూడా వేసింది.

కుట్టు నేర్పే నాగరత్నం అతన్ని మిషను ముందు కూర్చోబెట్టి "తొక్కవయ్యా" అంది. తొక్కాడు. "గుడ్డ పట్టుకో మరి."

"సేతులు మా శాఖవండి. మా సూపరింటెండెంటమ్మగారు రాసి పంపిత్తే గానీ ఇవ్వకూడదు."

"అయితే కళ్ళతో కుట్టు సరిగ్గా పడుతుందో లేదో చూడు."

"కళ్ళూ మా శాఖవేనండి."

నాగరత్నం నెత్తి కొట్టుకుంది. "నోరు?"

సూరప్పడు జవాబు చెప్పలేదు. నోరూ మా శాఖదే అని చెప్పడానికి ఆ నోరే వాడాలి కదా అని అతని భయం.

ఒకామె పక్కన కూర్చుని గుడ్డ పట్టుకుంటే, అతను గోడకేసి చూస్తూ తొక్కేవాడు. అయినా జీపు తొక్కిన కాలు కదా, మిషను ఉరుకులు పెట్టింది. ఆ కేంద్రంలో ఎన్నడూ లేనన్ని సంచులు తయారయ్యాయి.

చిక్కల్లా భుజంగరావు గారికి కారు కావలసినప్పుడు వచ్చింది. ఫోను రాగానే సూరప్పడు వెళ్ళాలి, కాలు అక్కడే ఉండాలి. సూరప్పడు ఆలోచించాడు. రేషను షాపు ముందు తెల్లారకుండా చెప్పులు వరసలో పెట్టి జనం ఇళ్ళకి పోతారు. చెప్పు ఉంటే మనిషి ఉన్నట్టే. ఎవరూ కాదనరు. ఆ ప్రకారం అతను ఎడమ చెప్పుని మిషను కింద పెట్టి, ఒంటి చెప్పుతో కారు దగ్గరికి పరిగెత్తేవాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు చెప్పుని చూసి కాలు హాజరని టిక్కు పెట్టుకుని పోయేవారు. కాలి మీద ఒక్క మచ్చ లేదు.

ఈలోగా పైవాళ్ళకి రుచి పట్టింది. ఇంకో నివేదిక పంపమన్నారు. భుజంగరావు గారు దాలినాయుడిని పిలిచారు.

"ఫోటో తీసేటప్పుడు నీ ఎడమ కన్ను ఏం చేస్తుంటుంది?"

దాలినాయుడు సంతోషంగా "మూసుకుంటాదండి" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"కెమెరా పట్టిన కాణ్ణించీనండి. మా గురువుగారు అలగే నేర్పినారు."

"అంటే ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆ కన్ను జీతం తీసుకుంటూ మూసుకునే ఉంది."

ఎడమ కన్నుని పెరట్లోని పాత జీపుకి కాపలా వేశారు. ఫోటో తీసేటప్పుడల్లా అది మూతపడేది. రెండోరోజే "విధి నిర్వహణలో నిద్రించుట" అని దానికి మెమో వచ్చింది. దాలినాయుడు బావగారి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"నవ్వినానని శాపం పెట్టీసినావేటి బావా?"

"నానేటీ అన్నేదు."

"అనవులే, నీ మొహం అంటాది. సరే గానీ ఇను. నా కెమెరా మీద ఎమ్ అని ఒక గుర్తుంది. దాంట్లో పెడితే అన్నీ మనిసే తిప్పుకోవాల. నీ కారుకీ ఉందేటి?"

సూరప్పడు గుర్తు చేసుకున్నాడు. డీ పక్కన ఎమ్ ఉంది.

"అయితే ఇంకేటి! ఎమ్‌లో పెట్టీసి, ఇది మనిసి నడిపే బండి అని సెప్పీద్దాం. నీ కాలు నీకొచ్చీస్తాది, నా కన్ను నాకొచ్చీస్తాది."

ఇద్దరూ అర్జీ పెట్టుకున్నారు. పరిశీలనకి రాజధాని నుంచి ఒక పరిశీలకుడు వచ్చాడు. సన్నటి మనిషి, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. పనిలేని మాట ఒకటి కూడా మాట్లాడడు.

ముందు కెమెరా. దాలినాయుడు ఎమ్‌లో పెట్టి, ఎండ చూసి, నీడ చూసి, ఒక కన్ను మూశాడు. కెమెరా అన్నీ తానే చేసుకున్న ఇన్నాళ్ళలో చెయ్యి లెక్క మరిచిపోయింది. ఏదో తిప్పాడు, ఏదో నొక్కాడు. ఫోటోలో ఆఫీసు గోడ చక్కగా పడింది. దాని ముందు భుజంగరావు గారూ పరిశీలకుడూ రెండు బొగ్గు బస్తాల్లా ఉన్నారు.

"మనిషి చేస్తే ఇలా ఉంటుందన్నమాట" అన్నాడు పరిశీలకుడు.

తర్వాత కారు. సూరప్పడు చెప్పుని ముందే కుట్టు కేంద్రంలో పెట్టి వచ్చాడు. పరిశీలకుడు పక్కన కూర్చున్నాడు. లీవరు ఎమ్‌లో పడింది. స్టీరింగు వెనక రెండు రెక్కలున్నాయి. వేలితో ఒకటి నొక్కితే గేరు పెరుగుతుంది, మరొకటి నొక్కితే తగ్గుతుంది. గేర్లు మనిషే మార్చుతున్నాడు, నిజమే. క్లచ్చి మాత్రం ఎక్కడా లేదు. అయినా సూరప్పడు ఇంత దూరం వచ్చాక ఏం చేస్తాడు, వేలితో నొక్కాడు. ఇంజను పులిలా గాండ్రించింది. రోడ్డు పక్క పకోడీలు వేయిస్తున్నవాడు జల్లిగరిటె వదిలేశాడు.

ఆ గాండ్రింపు ఎడమకాలికి వినిపించింది. చాలాకాలం తర్వాత అసలు బండి శబ్దం విన్నదేమో, పాపం దానికి ఒళ్ళు తెలియలేదు. తొడకింద నుంచి ఊడి వచ్చి, గేరు మారుతోంది కదా అని బలంగా తొక్కేసింది. కారు నిలుచున్నచోటే నిలుచుంది. బంగారు ఫ్రేము కళ్ళద్దాలు ఎదురుగా అద్దానికి తగిలి, ఎగిరి ఎక్కడో పడ్డాయి.

ఇద్దరూ కారులోంచి దిగారు.

"ఎవరు తొక్కారు?" అన్నాడు పరిశీలకుడు కళ్ళు చికిలించి.

సూరప్పడు లోపల లెక్క వేసుకున్నాడు. కాలు తొక్కిందంటే కాలికి మచ్చ. డెప్యుటేషన్ మీద ఉన్న ఉద్యోగి అనుమతి లేకుండా వేరే శాఖ వాహనంలో ఎలా ఎక్కాడని అడుగుతారు. నేనే అంటే తనకి మచ్చ. వంగి కళ్ళద్దాలు వెతకడం మొదలుపెట్టాడు.

విచారణ ఆ మధ్యాహ్నమే జరిగింది. నాగరత్నాన్ని పిలిపించారు.

"సంఘటన జరిగినప్పుడు ఎడమ పాదం ఎక్కడ ఉంది?"

"మా దగ్గరేనండి. చెప్పు మిషను కిందే ఉంది. ఈమధ్య అది ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. అంత బుద్ధిగా పనిచేసేవాళ్ళు మా కేంద్రంలో ఇంకెవరూ లేరు."

"తనిఖీ అధికారి ధ్రువీకరించారా?"

"ధ్రువీకరించారు" అని మాణిక్యాంబ కాగితం చూపించింది.

పరిశీలకుడు బీట పడిన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "కనుక పాదం ఘటనా స్థలంలో లేదు. తొక్కింది శేషించిన మనిషి. మాన్యువల్ పద్ధతిలో మనిషి తప్పు చేస్తాడు. ఆటోమేటిక్ పద్ధతిలో తప్పు చెయ్యడానికి మనిషి ఉండనక్కరలేదు. కాబట్టి మనిషిని తీసేస్తే తప్పు దానంతటదే పోతుంది."

"అద్భుతం" అన్నారు భుజంగరావు గారు.

"బాబూ, మరి బండి ఎవులు నడుపుతారండి?" సూరప్పడు అంతకుముందు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"స్వయంచాలితం అని కంపెనీవారే రాసి ఇచ్చారు కదా. కంపెనీవారి మాట కాదంటావా?"

ఆ మరుసటి ఉదయం నుంచి భుజంగరావు గారు కారులోకి దిగి, తన సీట్లో కూర్చుని, పక్క సీటు ఖాళీగా ఉండగా, మధ్యాహ్నం దాకా క్షేత్ర పర్యటన చేసి పైకి వచ్చేవారు. కారు వసారా దాటేది కాదు. ఆయిలు ఆదా అయిందని మరో నివేదిక వెళ్ళింది.

అదే వారం పర్మినెంటు ఉత్తర్వులు వచ్చాయి. భుజంగరావు గారు సిబ్బందిని పిలిచి, కుర్చీలు వేయించి, గొంతు సవరించుకుని చదివారు.

"వాహనము స్వయంచాలితమైనందున డ్రైవరు పోస్టు రద్దు చేయడమైనది. సదరు డ్రైవరు యొక్క శేష శరీరమును విధుల నుండి తక్షణము తొలగించడమైనది. కుట్టు శిక్షణ కేంద్రములో మచ్చలేని సేవలందించుచున్న అతని ఎడమ పాదమును ఇందుమూలముగా శాశ్వత ప్రాతిపదికపై క్రమబద్ధీకరించడమైనది. పదవీ విరమణ పర్యంతము సదరు పాదమునకు సర్వ హక్కులూ వర్తించును."

అందరూ చప్పట్లు కొట్టారు. మాణిక్యాంబ తెచ్చిన బంతిపూల దండని భుజంగరావు గారు వంగి సూరప్పడి ఎడమకాలికి వేశారు. దాలినాయుడు కెమెరా ఎత్తాడు. అందరూ నవ్వారు. టిక్కుమంది.

"మిగతా నన్నేటి సెయ్యమంటారండి?" అన్నాడు సూరప్పడు.

భుజంగరావు గారు ఉదారంగా చెయ్యి ఊపారు. "కాలికి తోడుగా రోజూ రావచ్చు. ప్రభుత్వానికి అభ్యంతరం లేదు. కానీ విధుల్లో జోక్యం చేసుకోకూడదు."

సూరప్పడు దండ తీసి చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ సరికే కబురు పాకిపోయింది. బంగారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక, పక్కింటి అరుగుమీద, ఎదురింటి పిట్టగోడ మీద, వీధి వీధంతా ఉంది.

"అయిపోనాదా? పర్మినెంటేనా?" అంది బంగారమ్మ.

సూరప్పడు ఉన్నదున్నట్టు చెప్పాడు. తనని తీసేశారన్నాడు, కాలిని ఉంచారన్నాడు. ఇంత పొడుగు మాట అతను ఆమెతో పెళ్ళయ్యాక చెప్పలేదు. చెప్పి తలొంచుకున్నాడు. వీధి చెవులు రిక్కించింది.

బంగారమ్మ కాసేపు అతని మొహంకేసి చూసింది, కాసేపు కాలికేసి చూసింది. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సూరప్పడు కాళ్ళు కడుక్కుని, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేసినట్టే కుడికాలు ఎత్తి గడప దాటబోయాడు.

"ఓలమ్మ, ఆగు!" అని అతని చెయ్యి పట్టుకుంది బంగారమ్మ, వీధందరికీ వినబడేలాగ. "ఆ కాలు ఎనక్కి తియ్యి. ఉజ్జోగస్తుడు బయటుండగా పన్లేనోడు ముందు దూరిపోతాడేటి!"

సూరప్పడు కుడికాలు వెనక్కి తీసుకున్నాడు. ఎడమకాలు గడప దాటింది. దాని వెనక, తాత్కాలికంగా, మిగతా అతనూ లోపలికి వెళ్ళాడు.